పిన్నల వ్రాత – పెద్దల పూచీ

(బహదూర్‌పురాలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, యువజనులు కూడిన సభలో చేసిన ఉపన్యాసపాఠము)



ఈ సభలో మాకు నిర్ణయింపబడిన విషయము చూచుటకు చిన్నది. 15, 16 ఏండ్ల బాలుడొకడు చేతిలోని సెల్‌ఫోనుతో అన్యమతస్థులను గూర్చియో, అన్యజాతివారిని గూర్చియో యొక దుర్భాష వ్రాసి లోకము మీదికి విడిచినయెడల వానిని మనమేమి చేయవలెను? ఇంతే ప్రశ్న. కాని యీ ప్రశ్నను విశాలమైన ప్రహరీగోడల వెనుక కూర్చుండి యడుగుట వేరు; బహదూర్‌పురాలో నడుగుట వేరు. ఇచట గోడకు గోడ యానుకొని కాపురములున్నవి. ఒక యింటి తాళింపు పొరుగింటికి తెలియును. పండుగలు కలిసి వచ్చిన దినమున రెండు ఊరేగింపులకును వీధి యొక్కటియే. ఇట్టిచోట మాట జారిన బాలుడొక్కడే దాని ఫలమనుభవింపడు. వాని వీధి యంతయు ననుభవించును.

ఈ విషయమున సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. ఒకటి: వానిని చెరలో వేయుడు, బడినుండి వెళ్లగొట్టుడు, పేరును ముఖమును బజారున పెట్టుడు. రెండవది: పిల్లవాడు, తెలియక వ్రాసినాడు, తుడిచివేసినాడు, ఇక విడిచిపెట్టుడు. మొదటిది గాయపడినవారినుండి వచ్చును. రెండవది వ్రాసినవాని యింటినుండి వచ్చును. పాత్రలు మారినచో మాటలును మారును. మన కుఱ్ఱవాడు వ్రాసినది పిల్లచేష్ట. వారి కుఱ్ఱవాడు వ్రాసినది కుట్ర! మా మనవి యేమనగా ఈ రెండును తప్పుదారులే. తప్పునకు ఫలము తప్పక యుండవలెను. ఆ ఫలము పదిమంది యెదుట ననుభవింపవలసినదే. కాని యా పదిమంది యెవరు అన్నదే అసలు ప్రశ్న.

మన దేశమున అచ్చుయంత్రము పెట్టినవాడు పేరు దాచుకొనుటకు వీలు లేకుండెను. 1867 నాటి చట్టము ప్రతి పత్రిక మీదను ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును ఉండవలెనని శాసించెను. 1898లో శిక్షాస్మృతికి 153-ఎ సెక్షను చేరెను. 1927లో 295-ఎ చేరెను. వర్గముల మధ్య ద్వేషము పురికొల్పుట, బుద్ధిపూర్వకముగా మతభావముల నవమానించుట నేరములయ్యెను. పత్రికలవారు వాని క్రింద జైళ్లు చూచిరి. కావున ఒక వాక్యము అచ్చులో పడుటకు ముందు వ్రాసినవాడు, దిద్దినవాడు, కూర్చినవాడు, సంపాదకుడు – ఇందరి కన్నులు దానిపై పడెడివి. నేటి బాలునికి వారెవ్వరును లేరు. వాడే రచయిత, వాడే సంపాదకుడు, వాడే ముద్రాపకుడు, వాడే తపాలాబంట్రోతు. అచ్చుయంత్రమును వాని చేతికిచ్చినాము. పూచీ యనునది యొకటి కలదని మాత్రము నేర్పలేదు.

“వట్టి మాటలకు ఇంత రాద్ధాంతమేల?” యని యడుగువారున్నారు. వారికి మన యిరుగుపొరుగుననే జవాబున్నది. 2014 మే 14వ తేదీన కిషన్‌బాగు సిక్కు ఛావునీ వద్ద ఒక మతధ్వజమునకు అవమానము జరిగినదను వార్తపై ఇరువర్గములు తలపడెను. కాల్పులలో ముగ్గురు మరణించిరి. నాడు వార్తను మోసినది ఏ వాహనమైనను, తుదకు శవములు మిగిలెను. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో పుకార్లు వ్యాపించెను. రంజాను మాసమున యాచనకై పాలమూరు వైపునుండి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండరు స్త్రీని చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టి చంపెను. ఆమెను చంపినవారెవ్వరును ఆమెను ఎరుగరు. ఆ సంవత్సరము జూలైలో, దేశమంతట నిట్టి హత్యలు జరిగిన పిమ్మట, ఒక సందేశమును ఒక్కమారు అయిదింటికి మించి పంపరాదని వాట్సాపు సంస్థ మన దేశమునకు కట్టుబాటు పెట్టెను. 2012 ఆగస్టులో సెల్‌ఫోను సందేశములకు భయపడి ఈశాన్య రాష్ట్రముల యువజనులు వేలకొలదిగా బెంగుళూరునుండి పారిపోయిరి. మన హైదరాబాదునుండియు కొందరు మూటలు గట్టి రైలెక్కిరి. ముఖకవళికలు వేరగుటయే వారి నేరము. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు అదే ముఖకవళికలను చూచి వారిని వ్యాధి పేరుతో పిలిచినవారిలో మన చదువుకొన్న పిల్లలు లేరా? చదువునకై మన నగరమునకు వచ్చిన ఆఫ్రికా విద్యార్థులను దేహవర్ణమునుబట్టి మన వీధులలో ఏమని పిలుచుచున్నారో మీకు తెలియును. మేమామాటను ఈ వేదికపై ఉచ్చరింపజాలము.

ఇక బాలుడే మూలమైన యుదాహరణము. 2017 జూలైలో పశ్చిమ బెంగాలులోని బాదురియా గ్రామప్రాంతమున 17 ఏండ్ల బాలుడు ఫేస్‌బుక్కులో మతావమానకరమైన యొక చిత్రము పెట్టెనని యల్లరులు చెలరేగెను. పోలీసులు బాలుని పట్టుకొనిరి. అయినను గుంపు శాంతింపలేదు; వాడుండిన యింటిపై పడెను. బసీర్‌హాటు వరకు అగ్ని ప్రాకెను. దుకాణములు దగ్ధమయ్యెను, ఒక ప్రాణము పోయెను, ఇంటర్నెట్టు నిలిపివేయబడెను, కేంద్ర బలగములు దిగెను. ఇచట రెండు తప్పులు చూడవలెను. బాలుడు చేసినది మొదటి తప్పు. ఆ బాలుని తప్పునకు ఆ వీధిలోని దుకాణదారునిచేత లెక్క కట్టించుకొనుట రెండవ తప్పు. మొదటి తప్పు చేసినది ఒక్కడు, అది క్షణములో జరిగెను. రెండవది చేసినవారు వందలమంది, దినములకొలది చేసిరి.

ఇవి గుంపుల కథలని తలంపవలదు. విద్యావంతుల కథలును కలవు. 2021 అక్టోబరు 24న దుబాయిలో క్రికెట్టు పందెమున భారతజట్టు పాకిస్తాను జట్టుచేత ఓడిపోగా, ముహమ్మద్ షమీని మతము పేరుతో వేలమంది దూషించిరి. జట్టు నాయకుడు విరాట్ కోహ్లీ ఆయన పక్షమున మాటాడెను. వెంటనే కోహ్లీయొక్క పసిబిడ్డపై అత్యాచారము చేయుదునను బెదిరింపు వెలువడెను. ముంబయి పోలీసులు వెదకుకొనుచు మన హైదరాబాదు ప్రాంతమునకు వచ్చి 23 ఏండ్ల యొక సాఫ్ట్‌వేరు ఇంజనీరును పట్టుకొనిపోయిరి. దేశమున పేరొందిన విద్యాలయమున చదివినవాడు! 2023 ఏప్రిలులో, ఫిర్యాదు చేసినవారి సమ్మతితో, బొంబాయి హైకోర్టు ఆ కేసును కొట్టివేసెను. చట్టము విడిచినది, కాని వార్తలు విడువలేదు.

2022 జనవరి 1న నూరుమందికి పైగా ముస్లిం స్త్రీల చిత్రములను, వేలమునకు పెట్టినట్లుగా, యొక యాప్‌లో నుంచిరి. వారిలో మన నగరపు స్త్రీలును కలరు. పట్టుబడినవారిలో ఒకతెకు 18 ఏండ్లు. తక్కినవారిలో 21 ఏండ్ల ఇంజనీరింగు విద్యార్థులు కలరు. వీరు పుట్టుకతో క్రూరులు కారు. పదునాలుగవ యేట చేసిన హేళనకు నలుగురు నవ్విరి. పదునారవ యేట ఆ నవ్వు చాలలేదు. ఇరువదియవ యేట జైలు కనబడినది. మొక్కై వంగనిది మానై వంగునా?

మాట యెంతదూరము పోగలదో మన తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున, ఓలేతా పట్టణమున, మన హైదరాబాదువాడైన కూచిభొట్ల శ్రీనివాసును, తన దేశము విడిచిపొమ్మని యరచిన యొక శ్వేతజాతీయుడు కాల్చి చంపెను. నాడు ఈ నగరము కన్నీరు పెట్టెను. ఆ మరునాడు మన పిల్లల ఫోనులలో ఆఫ్రికావారిని గూర్చిన హేళన నిలిచిపోయెనా? మనపై వచ్చిన ద్వేషము పాపమై, మననుండి పోయిన ద్వేషము వినోదమగునా?

అమెరికావారు ఈ రోగమునకు వేరొక మందు వాడిచూచిరి. 2017లో హార్వర్డు విశ్వవిద్యాలయము, చేర్చుకొనదలచిన పదిమంది విద్యార్థులు ఒక రహస్యబృందమున నికృష్టమైన హాస్యచిత్రములు పంపుకొనిరని, వారి ప్రవేశములను రద్దు చేసెను. 2020లో మరియొక వృత్తాంతము వెల్లడియైనది. ఒక బాలిక 15 ఏండ్ల వయస్సున నల్లవారిని నిందించు పదమొకటి పలికి, మూడు సెకనుల దృశ్యముగా స్నేహితురాలికి పంపెను. అది చేతులు మారి ఒక సహపాఠికి చేరెను. అతడు దానిని దాచియుంచి, ఆమె తాను కోరిన విశ్వవిద్యాలయమును ఎన్నుకొనిన పిమ్మట లోకమునకు వెల్లడించెను. అది శీఘ్రముగా వ్యాపించెను. ఆమె ఆ విశ్వవిద్యాలయమును విడువవలసివచ్చెను. ఆ యువకుడు క్రూరుడా? అతని తల్లి నల్లజాతి స్త్రీ. పాఠశాలలో అట్టి మాటలు వినవచ్చుచున్నవని ఉపాధ్యాయులకు చెప్పినను ఫలము లేకపోయెనని అతడు చెప్పెను. ఈ ముక్కను మన ప్రధానోపాధ్యాయులు గుర్తుంచుకొనవలెను. పాఠశాల విననిదానిని వీధి వినును. ఆ బాలికను పదునైదవ యేటనే కూర్చుండబెట్టి, ఆ మాట ఎవరి గుండెలో గ్రుచ్చుకొనినదో వారిని ఎదుట నిలిపియుండిన యెడల, లోకము తీర్పరి కావలసివచ్చెడిదా? న్యాయము చేయవలసినవారు చేయకపోవుటచేతనే గుంపు న్యాయాధిపతి యగుచున్నది.

మన చట్టమేమి చెప్పుచున్నదో చాలమంది తల్లిదండ్రులకు తెలియదు. కావున కొంచెము వివరింతుము. 153-ఎ, 295-ఎ సెక్షనులు 2024 జూలై 1నుండి భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షనులైనవి. సాధారణముగా గరిష్ఠశిక్ష మూడేండ్లు. ఆన్‌లైనులో చికాకు కలిగించు మాటలన్నిటిని నేరముగా జేసిన 66-ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసెను. కావున మనకు నచ్చని ప్రతి వ్రాతయు నేరము కాదు. ఒక వర్గమును ద్వేషమునకు గురిచేయు వ్రాత మాత్రము నేరమే. ఇక వ్రాసినవానికి 18 ఏండ్లు నిండనిచో 2015 నాటి బాలన్యాయ చట్టము వర్తించును. వానిని లాకప్పులో గాని జైలులో గాని యుంచరాదు; 24 గంటలలో బాలన్యాయ మండలి యెదుట నిలుపవలెను. ఘోరాపరాధము కానిచో, పెద్దలతో కలిసి చేసినది కానిచో, ఎఫ్‌.ఐ.ఆర్‌. వ్రాయక దినచర్య పుస్తకమున నమోదు చేసి, వాని కుటుంబస్థితిని గూర్చి నివేదిక వ్రాయవలెనని కేంద్రము 2016లో ప్రకటించిన నమూనా నియమములు చెప్పుచున్నవి. మండలి వానిని మందలించి యింటికి పంపవచ్చును, సలహాదారుని యొద్దకు పంపవచ్చును, సమాజసేవ చేయింపవచ్చును, తల్లిదండ్రులకు జరిమానా విధింపవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది 74వ సెక్షను. విచారణలోనున్న బాలుని పేరు, చిరునామా, పాఠశాల, చిత్రము – ఏదియు ఏ పత్రికలోను, ఏ ప్రసారసాధనమునను వెల్లడింపరాదు. వెల్లడించినవానికి ఆరు నెలల జైలు, రెండు లక్షల రూపాయల జరిమానా వరకు కలదు. బాలుని తప్పుపై కోపించి వాని ముఖచిత్రమును నూరు బృందములకు పంపు పెద్దమనుష్యుడు, న్యాయము చేయుచున్నాననుకొనుచు తానే చట్టమును మీరుచున్నాడు.

ఈ చట్టము పరదేశమునుండి దిగుమతియైన మెత్తదనమని కొందరందురు. వారు మహాభారతమున ఆదిపర్వము చదువవలెను. మాండవ్య మహర్షి కొరతవేయబడి, తానీ శిక్షకు పాత్రుడగుటకు హేతువేమని యముని యడిగెను. బాల్యమున పురుగులను పుల్లలతో గ్రుచ్చితివని యముడు చెప్పెను. పసితనపు తప్పునకు ఇంత ఘోరశిక్షయా యని మహర్షి కోపించి, 14 ఏండ్లలోపువారు చేసినది పాపము కాకుండుగాక యని కట్టడి చేసి, యముని మనుష్యుడవై పుట్టుమని శపించెను. ఆ యముడే విదురుడు. ఆ విదురుడే ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రునికి బాణపు గాయము మానునుగాని మాటచే నయిన గాయము మానదని బోధించినవాడు. బాలునిపై అతిశిక్ష కూడదని శాపముచే నేర్చుకొనినవాడే మాటగాయము మానదని చెప్పుచున్నాడు. ఈ రెండు సత్యములును ఒక్క నోటనే పలుకవలెను. ఇస్లాము ధర్మశాస్త్రమునను యుక్తవయస్సు వచ్చువరకు బాలుని లెక్క వ్రాయబడదని పెద్దలు చెప్పుదురు. అట్లని ఆ పిల్లవానిని దిద్దనక్కరలేదని ఏ ధర్మమును చెప్పలేదు.

అయినచో మన మొహల్లాలలో చేయవలసినదేమి? మొదటిది: నిందాపూర్వకమైన వ్రాత కనబడినప్పుడు ఫిర్యాదునకు వలసిన ఒక్క స్క్రీన్‌షాటు ఉంచుకొని, దానిని ఎవ్వరికిని పంపకుండుట. విషమును చూపుటకై ఊరిలో ప్రతివాని నాలుకపై దానిని రాయనక్కరలేదు. రెండవది: పోలీసుఠాణాకు గుంపుగా పోకుండుట. ఇరువర్గముల పెద్దలు ఇద్దరు ముగ్గురు వ్రాతపూర్వకముగా ఫిర్యాదిచ్చిన చాలును. వేయిమంది వెళ్లినచో ఫిర్యాదు బలపడదు, లాఠీ బలపడును. మూడవది: బాలుడు తల్లిదండ్రులతో గూడ, ఎవరిని నిందించెనో వారి యెదుట నిలిచి తాను వ్రాసినదానిని తన నోటితో చదువవలెను. ఫోనుపై వ్రాయుటకు వెఱువని మాటను మనుష్యుని కన్నులలోనికి చూచి చదువుట యెంత కష్టమో వానికి తెలియవలెను. వానికి అదియే బహిరంగ శిక్ష. ఆ నలుగురే వాని లోకము. నాలుగవది: బడినుండి తరుమకుండుట. తరిమినచో వానిని చేరదీయుటకు ద్వేషవ్యాపారులు వీధి మొగలో సిద్ధముగానున్నారు.

ఇచట నొక హెచ్చరిక. ప్రతిమారును గాయపడినవారినే క్షమింపుడని యడుగుట మన పెద్దలకు అలవాటైపోయినది. అది న్యాయము కాదు. బాలుడు క్షమాపణ చెప్పుకొనవలెను. క్షమించుట క్షమింపకుండుట విన్నవారి యిష్టము. ఒక స్త్రీని పేరుపెట్టి బెదిరించినను, చంపుడు కాల్చుడు అని వ్రాసినను అది మొహల్లా పంచాయతితో ముగియవలసినది కాదు. దానిని కప్పిపుచ్చు పెద్ద, నేరములో పాలివాడు.

చివరిమాట పిల్లలకు కాదు, మనకు. బాలుడు ఆ పదములను ఎచట నేర్చెను? భోజనమువేళ తండ్రి విసరిన మాట, బంధువుల వాట్సాపు బృందమున మేనమామ పంపిన చిత్రము, ఎన్నికలసభలో నాయకుని యుపన్యాసము – ఇవియే వాని వాచకములు. ద్వేషోపన్యాసములపై ఫిర్యాదు లేకున్నను తమంత తామే కేసులు పెట్టవలెనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 21న మూడు ప్రభుత్వముల పోలీసులను ఆదేశించి, 2023 ఏప్రిలు 28న ఆ యాజ్ఞను అన్ని రాష్ట్రములకును విస్తరించెను. అయినను మైకు ముందు నిలిచి విషము గ్రక్కినవానికి పూలదండ, ఆ మాటనే ఫోనులో తిరిగి వ్రాసిన పిల్లవానికి బేడీ – ఇదేమి న్యాయము? ప్రతిధ్వనిని చెరలో పెట్టి ధ్వనికి హారతిపట్టు దేశమున పిల్లలు బాగుపడుదురా?

మన మీరాలం చెరువు కట్టను మీరు దినదినము చూచుచున్నారు. అది తిన్నని గోడ కాదు. 21 కమానులు ప్రక్కప్రక్కన నిలిచి, తమపై బడిన నీటి యొత్తిడిని నడుమ దిమ్మెలకు పంచుకొనుచు రెండు శతాబ్దములకు పైగా నిలిచినవి. ఏ కమాను పగిలినను నీరు ఏ యిల్లు ఎవరిదని యడుగక పారును. మన కట్టుబాటును అట్టిదే. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలన్నారు. ఆ నోటిని దిద్దు పని ఠాణాకును గుంపునకును విడువక, ఇల్లు, బడి, మొహల్లా చేతబట్టుకొనుగాక. ఈ రాత్రి మీ యింట బాలుని ఫోనును లాగుకొనుటకు ముందు మీ ఫోనును వాని యెదుట తెరచి పెట్టుడు. అందు వానికి చూపరాని మాట యొక్కటి యున్నను, దిద్దుబాటు అచటనే ప్రారంభింపవలెను.